గింజ మొక్క ఎవరి పోలిక?

మాది తూర్పుగోదావరి జిల్లా, కడియపులంక పక్కన చిన్న ఊరు. నాన్నగారు నర్సరీ రైతు. నా చిన్నతనమంతా మొక్కల మధ్యే గడిచింది. ఒకసారి వేసవిలో మంచి బంగినపల్లి పండు తిని, ఆ టెంక పట్టుకెళ్ళి పెరట్లో పాతిపెట్టాను. నాన్నగారు చూశారు. "గింజ వేస్తే చెట్టొస్తుందమ్మా, రకం రాదు" అన్నారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ మాట అర్థం కాలేదు గానీ మరిచిపోలేదు.

నర్సరీ వాళ్ళకి అది మొదటి పాఠం. అంటు కడితే తల్లి పోలికే వస్తుంది. కొమ్మ బంగినపల్లిదైతే చెట్టు బంగినపల్లే. గింజ అలా కాదు. దానికి తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, వాళ్ళ వెనక తాతలు ముత్తాతలు ఉన్నారు. ఎవరి ముక్కు వస్తుందో, ఎవరి రంగు వస్తుందో ముందుగా చెప్పలేం. అందుకే వ్యాపారానికి పనికొచ్చేది అంటు. మా ఊళ్ళో వందల కుటుంబాలు ఆ అంటు మీదే బతికాయి. గింజ మొక్క అంటే మా దృష్టిలో వేరుమూలానికి, అంటే పైన మంచి కొమ్మ అతికించడానికి, పనికొచ్చే అడుగు భాగం మాత్రమే.

నేను ముప్పై రెండేళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వృక్షశాస్త్రం చదువుకోలేదు. అరవై దాటాక, మా నాన్నగారు పక్కన పెట్టిన ఆ గింజ మొక్క దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. అదీ మా ఊళ్ళో కాదు, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో. ఈ పూట మీకు ఆ సంగతి చెబుతాను.

మా అబ్బాయి, కోడలు సెయింట్ పాల్ నగరంలో ఉంటారు. 2017 మే నెలలో మొదటిసారి వెళ్ళాను. మంచు కరిగి నెల దాటింది. ఇంటి ఉత్తరం వైపు, ఎండ తగలని గోడ వారన, నేలలోంచి ఊదారంగు మొనలు గుంపులు గుంపులుగా పైకి వస్తున్నాయి. కంద పిలకల్లా ఉన్నాయి. పది రోజుల్లో ఆ మొనలు విచ్చుకుని ఆకులయ్యాయి. ఆకారం తమలపాకుది, పరిమాణం చామాకుది. ఈనెలు నాగలి చాళ్ళలాగా లోతుగా, తొడిమ దగ్గర మొదలై అంచు వెంట వంగి కొసన కలుస్తాయి. ఒక మొక్క ఆకు నీలం కలిసిన బూడిదరంగు. ఇంకోటి పసుపు. మరోటి ఆకుపచ్చ మీద తెల్ల అంచు. ఏమిటివి అని కోడల్ని అడిగితే, "హోస్టాలు అత్తయ్యా, ఇక్కడ నీడ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంటాయి" అంది.

హోస్టా సొంత ఊరు అమెరికా కాదు. జపాన్, కొరియా, చైనా కొండల్లో పుట్టిన మొక్క. ఆస్ట్రియా దేశపు వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త నికోలస్ హోస్ట్ పేరు మీద 1812లో దానికి ఆ పేరు పెట్టారు. నాగసాకిలో డచ్చి వాళ్ళ స్థావరంలో వైద్యుడిగా ఉన్న ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ సీబోల్డ్ అనే జర్మన్ ఆయన తిరుగు ప్రయాణంలో వీటిని ఐరోపాకు తెచ్చాడు. జపాన్‌లోని యమగాట ప్రాంతంలో లేత మొలకల్ని ఉరుయి అనే పేరుతో కూరగా తింటారు. మనకి తోటకూర ఎలాగో వాళ్ళకి అలాగ. ఈ మొక్కకు చలికాలపు నిద్ర తప్పనిసరి. కొన్ని వారాల పాటు గట్టి చలి తగలకపోతే మరుసటి ఏడు సరిగ్గా లేవదు. కనుక మన గోదావరి మైదానంలో బతకదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎవరూ తెప్పించుకుని డబ్బు పోగొట్టుకోకూడదని.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. అప్పటికే ఎనభై దాటాయి. ఆవిడ పెరడంతా హోస్టాలే. జూలైలో ఒక సాయంత్రం కంచె దగ్గర నిలబడి చూస్తుంటే ఆవిడ ఏదో పువ్వు మొగ్గని చిన్న పట్టకారుతో విప్పుతోంది. ఏం చేస్తున్నారని అడిగాను. రమ్మని పిలిచింది.

ఆ పూటే నాకు అక్షరాభ్యాసం జరిగింది. హోస్టా పువ్వు చిన్న లిల్లీలా ఉంటుంది, పొడవాటి కాడ మీద కింది నుంచి పైకి వరుసగా పూస్తుంది. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. తెల్లవారుజామున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతుంది. లోపల ఆరు కేసరాలు, వాటి చివర పుప్పొడి సంచులు. మధ్యలో వాటికంటే పొడుగ్గా, కొస పైకి వంగిన ఒకే ఒక కాడ. అది ఆడ భాగం, దాని కొసే కీలాగ్రం. పుప్పొడి అక్కడ అంటుకోవాలి. మరునాడు విచ్చుకోబోయే మొగ్గ ముందురోజు సాయంత్రానికే బుగ్గలా ఉబ్బి ఉంటుంది. దాన్ని నెమ్మదిగా చీల్చి, రేకుల్ని, వాటితోపాటు ఆరు కేసరాల్నీ తీసేయాలి. ఆ సన్నటి కాడ ఒక్కటీ మిగులుతుంది. రేకులు లేని పువ్వు మీద తేనెటీగ వాలదు. రంగు లేదు, కాళ్ళు ఆనించడానికి చోటు లేదు. కనుక మనకి తెలియకుండా ఇంకొకరి పుప్పొడి వచ్చి పడే భయం చాలావరకు తగ్గుతుంది. పొద్దున్నే, తేనెటీగలు లేవకముందే, మనం తండ్రిగా ఎంచుకున్న మొక్క పువ్వులోంచి ఒక కేసరం తెంచి, దాని పసుపు పొడిని ఈ కాడ కొసకి తాకించాలి. కొస తడిగా మెరుస్తుంటే అదను కుదిరినట్టు. పొడి అంటుకోవడం కంటికి కనిపిస్తుంది.

అంతే. చేతికి పట్టిన సమయం అర నిమిషం. ఇంత తేలికా అనుకున్నాను. ఆ తేలిక నన్ను ఏడాది పాటు తప్పుదోవ పట్టించింది.

మరునాటి నుంచి మా పెరట్లో ఏ పువ్వు విచ్చుకుంటే దానికి ఏ పుప్పొడి దొరికితే అది పూశాను. మొత్తం నలభై పువ్వులు. ఏ కాయకి ఏది తండ్రో తెలియడానికి చీటీలు కట్టాలని పెద్దావిడ చెప్పింది. కట్టాను, కానీ బాల్‌పెన్నుతో రాశాను. ఆగస్టులో నాలుగు రోజుల వాన కురిసింది. తెల్లటి చీటీలు తెల్లగానే మిగిలాయి. పదిహేడు కాయలు నిలిచాయి. ఏ కాయ తండ్రి ఎవరో నాకు తెలియదు. తల్లి మాత్రం తెలుసు, కాయ దాని కాడ మీదే ఉంది కనుక.

నాకు బాగా నచ్చిన మొక్క ఒకటి ఉండేది. ఆకు మధ్యలో పాలమీగడ తెలుపు, చుట్టూ పచ్చని అంచు. ముగ్గు వేసినట్టుండేది. ఇంత అందమైన తల్లికి అందమైన పిల్లలే పుడతారని ఎక్కువ కాయలు దాని మీదే పెట్టుకున్నాను. అక్టోబరు మొదట్లో కాయలు గోధుమరంగుకి తిరిగాయి. ఎండిన కాయ మూడు పాయలుగా చీలుతుంది, లోపల నల్లటి గింజలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ప్రతి గింజకీ పల్చటి రెక్క. నల్లగా, మధ్యలో చిన్న ఉబ్బుతో ఉన్న గింజ మంచిది. తెల్లగా ఉన్నది తాలు. మన వడ్లలో తాలూ గట్టీ చూసినట్టే. గింజలు కోడలికిచ్చి నేను ఇండియా వచ్చేశాను.

నవంబరులో వాళ్ళు బేస్‌మెంటులో ట్యూబులైట్ల కింద ట్రేల్లో వేశారు. పదిరోజులకి మనవరాలు వీడియో కాల్ చేసింది. "నానమ్మా, మొలిచాయి! తెల్లగా ఉన్నాయి!" అంది. చూశాను. ఆ ముగ్గు మొక్క గింజలు వేసిన ట్రే అంతా మల్లెమొగ్గలు గుచ్చినట్టు తెల్లటి మొలకలు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. పక్కింటి పెద్దావిడకి చూపించమన్నాను. ఆవిడ చూసి ఏమీ అనలేదట, "మీ నానమ్మని మూడు వారాలు ఆగమను" అందట.

మూడు వారాలు పట్టలేదు. గింజలో దాచిన తిండి అయిపోగానే ఒక్కొక్కటీ పడిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు.

ఎందుకలా అయిందో ఆవిడ ఫోనులో చెప్పింది. ఆ తరువాత నేను పుస్తకాలు తెచ్చుకుని చదివాను. ఆకుకి పచ్చదనం ఇచ్చే పత్రహరితం చిన్న చిన్న రేణువుల్లో ఉంటుంది. వాటికి సొంత జన్యువులు కొన్ని ఉంటాయి. హోస్టాలో ఆ రేణువులు పుప్పొడి వెంట రావు, తల్లి అండం నుంచే వస్తాయి. అంటే పచ్చదనం పూర్తిగా తల్లి పుట్టింటి సారె. తండ్రి ఎంత పచ్చగా ఉన్నా ఆ విషయంలో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఇక అంచొక రంగు, మధ్య ఒక రంగు ఉన్న మొక్కలో పిల్లలకి వెళ్ళేది మధ్యభాగపు రంగు. నా మొక్క మధ్య తెలుపు. తెలుపు అంటే అక్కడ పనిచేసే పత్రహరితం లేదని. తల్లి తన పచ్చని అంచు మీద బతుకుతోంది. పిల్లలకి ఆ అంచు కూడా లేదు. వెలుతురున్నా వండుకునే పొయ్యి లేదు.

మరి చారల హోస్టాలు ఎలా పుట్టిస్తారని అడిగితే, ఆకంతా తెలుపూ పచ్చా గీతలు గీతలుగా, ఒక క్రమం లేకుండా కలిసిపోయిన మొక్కల్ని తల్లిగా వాడతారని చెప్పింది. వాటి మొలకల్లో కొన్ని పచ్చగా, కొన్ని తెల్లగా, కొన్ని చారలతో వస్తాయి. అందుకే చూపుకి గజిబిజిగా ఉండే చారల తల్లికి వాళ్ళలో అంత గిరాకీ. అందమైన తల్లి వేరు, పనికొచ్చే తల్లి వేరు. చూడ్డానికి ఎలా ఉందని కాదు, పిల్లలకి ఏమిస్తుందని చూడాలి. నా ట్రే ఖాళీ అయ్యాకే ఇది నాకు బోధపడింది.

రెండో వేసవి వెళ్ళినప్పుడు ఆవిడ నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "నీకేం కావాలి?" సమాధానం చెప్పలేకపోయాను. కొత్త మొక్క కావాలన్నాను. "గింజ వేస్తే వచ్చే ప్రతి మొక్కా కొత్తదే. నీకు ఎలాంటిది కావాలి?" అని మళ్ళీ అడిగింది. నాలుగు రోజులు ఆలోచించాను. మల్లెలు, సంపెంగలు, విరజాజులు పెరిగిన నేల నుంచి వెళ్ళినదాన్ని. అక్కడి పెరళ్ళలో నాకు లోటుగా తోచింది వాసన. హోస్టా పువ్వులకి దాదాపు వాసన ఉండదు. ఒక్క జాతికి మాత్రం ఉంది. చైనా నుంచి వచ్చిన హోస్టా ప్లాంటజీనియా. తెల్లటి పువ్వు, వేలికంటే పొడుగు, చేతిలో పట్టుకుంటే సంపెంగ జ్ఞాపకం వస్తుంది. దాని మొగ్గ కొప్పులో పెట్టుకునే సూదిలా ఉంటుందని చైనా వాళ్ళు ఆ మొక్కని జేడ్ రాతి కొప్పుపిన్ను అని పిలుస్తారు. కానీ దాని ఆకు మామూలు లేత పచ్చ. నీలి ఆకుకి ఈ వాసన తేవాలి. అదీ నా కోరిక. చీటీ మీద రాసి వంటగదిలో అతికించుకున్నాను.

కోరిక తెలియగానే అడ్డంకులూ తెలిశాయి. మిగతా హోస్టాలు తెల్లవారుజామున విచ్చుకుంటే, ఈ తెల్లపువ్వు సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటుంది. పైగా పూసేది ఆగస్టులో. చాలా నీలి ఆకుల రకాలు జూన్, జూలైలోనే పూసి ముగిస్తాయి. తల్లి తండ్రీ ఎదురుపడే ముహూర్తమే లేదు.

ఇలాంటి ముహూర్తాన్ని పట్టుకున్న ఒకాయన కథ ఇక్కడ చెప్పాలి. 1961లో ఇంగ్లాండులో, వించెస్టర్ దగ్గర హిల్లియర్ నర్సరీలో ఎరిక్ స్మిత్ పనిచేసేవాడు. ఆయన పని మొక్కల్ని పెంచి సంఖ్య పెంచడం. మా కడియం అంట్ల పనివారి లాంటివాడే. పెద్ద నీలి ఆకుల హోస్టా ఒకటి వేసవి మొదట్లో పూస్తుంది. టార్డిఫ్లోరా అనే చిన్న మొక్క ఏడాది చివర, ఆకురాలు కాలంలో పూస్తుంది. రెండూ ఎప్పుడూ కలవవు. ఆ సంవత్సరం నీలి మొక్క అకాలంలో మరోసారి కాడ తీసింది. వందమంది దాన్ని చూసి వింతగా ఉందనుకుని పోయేవారు. ఆయన ఆగి పుప్పొడి తీసుకున్నాడు. ఆ కలయిక నుంచి చిన్న ఆకుల, చిక్కటి నీలం హోస్టాలు ఒక వంశంగా వచ్చాయి. టార్డియానా అంటారు వాటిని. అందులో హాల్సియన్ అనే రకం ఇప్పటికీ ప్రపంచమంతా తోటల్లో ఉంది. ఒక మొక్క ఒక ఏడు ఆలస్యంగా పూసినందుకు, ఆ పూట ఒక మనిషి అక్కడ ఉన్నందుకు.

చూపు సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. 1936లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రాన్సెస్ విలియమ్స్ అనే ఆవిడ ఒక నర్సరీలో హోస్టాల వరుస వెంట నడుస్తూ, నీలి ఆకుకి పసుపు అంచున్న ఒకే ఒక మొక్కని చూసి కొనుక్కుంది. అది సంకరం కాదు, మొగ్గలో దానంతట అది వచ్చిన మార్పు. ఆ మొక్కకి తరువాత ఆవిడ పేరే పెట్టారు.

నా దగ్గరికి వస్తాను. ఆగస్టులో ఆలస్యంగా పూసే నీలి ఆకుల మొక్క ఒకటి పెద్దావిడ పెరట్లో దొరికింది. సాయంత్రం తెల్లపువ్వు విచ్చుకోగానే కేసరాలు కోసి, చిన్న సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. తెల్లవారి ఐదున్నరకి స్వెట్టరు వేసుకుని, కేసరాలు తీసేసి ఉంచిన నీలి మొక్క పువ్వులకి ఆ పొడి అద్దేదాన్ని. మనవరాలు చీటీలు కట్టేది. ఈసారి పెన్సిలు. ముందు తల్లి పేరు, గుణకారం గుర్తు, తరువాత తండ్రి పేరు, తేదీ. ముప్పై ఒక్క పువ్వులకి తొమ్మిది కాయలు నిలిచాయి. మిన్నెసోటాలో అక్టోబరు మొదట్లోనే గడ్డమంచు పడుతుంది, కాయ పండకముందే పడితే గింజ దక్కదు. అందుకని కాడల్ని కోసి నీళ్ళ గ్లాసుల్లో పెట్టి కిటికీ దగ్గర పండించాం. వంటింటి కిటికీలో పూలు లేని పూలకాడలు రెండు వారాలు నిలబడి ఉన్నాయి.

గింజలు మొలిచి, నిలిచినవి ఎనభై ఆరు. 2019 జూన్‌లో వాటిని నేలలో నాటాను. ఎనభై ఆరు మొక్కలు ఒక వరుసలో చూస్తే కళ్ళు నిండిపోయాయి. అన్నీ నావే. అన్నీ అందంగానే కనిపించాయి.

2020లో నేను వెళ్ళలేకపోయాను. ఆ ఏడు ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. మొక్కలకి నీళ్ళు పోసింది మనవరాలే. 2021లో వెళ్ళేసరికి చాలా మొక్కలు పువ్వు తీశాయి. పెద్దావిడ చేతికర్ర పట్టుకుని వచ్చి వరుస మొదట్లో నిలబడింది. "ఇప్పుడు పని మొదలవుతుంది" అంది.

పని అంటే తీసేయడం. ఆవిడ ఒక్కో మొక్క దగ్గర ఆగి అడిగేది. ఇది ఇప్పటికే ఉన్న ఏ రకం కంటే మెరుగు? ఆకు నిలబడుతోందా, నేల మీద పరుచుకుని నత్తలకి దొరుకుతోందా? ఎండకి అంచులు మాడుతున్నాయా? పిలకలు వేస్తోందా? పువ్వు వాసన వస్తోందా? నాకు జవాబు లేకపోతే కర్రతో చూపించేది. నేను పెకలించాలి. మొదటి పది మొక్కలకి చెయ్యి రాలేదు. మూడేళ్ళు పెంచిన మొక్క, ఏ తప్పూ చేయలేదు, ఏ ప్రత్యేకతా లేదు. అంతకంటే కారణం లేదు పీకేయడానికి. ఆ సాయంత్రానికి పదమూడు మిగిలాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ పని నాకు కొత్త కాదు. విత్తనానికి వదిలిన వరి మడిలో ఎత్తుగా, వేరుగా లేచిన కంకుల్ని మా పొలంలో కూలివాళ్ళు ఏరి పారేసేవారు. కేళీలు తీయడం అంటాం. అది రకం చెడకుండా కాపాడడానికి. పెద్దావిడ నాతో చేయించింది దానికి తిరగేసిన పని, మందలోంచి వేరుగా ఉన్నదాన్నే వెతికి నిలబెట్టడం. రెండింటికీ కావలసింది ఒకటే, వరుస వెంట నెమ్మదిగా నడిచే కన్ను.

మనం రోజూ తినే అన్నం వెనక ఇదే ఉంది. సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చింది. జి.ఇ.బి. 24 అనే సన్నరకాన్ని తైచుంగ్ నేటివ్ 1 అనే రకంతో కలిపి, వచ్చినదాన్ని మసూరితో కలిపి, ఏరుకుంటూ తెచ్చిన రకం. దానికి నాలుగేళ్ళ ముందు మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణకి తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి. వరి పువ్వు గింజంత కూడా ఉండదు. దాని కొసని కత్తెరతో కోసి లోపలున్న కేసరాలు తీయాలి. అక్కడా కేసరాలు ఆరే. ఆ లెక్క చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నేను కంచె పక్కన నేర్చుకున్న పనిని, బాపట్లలో, మార్టేరులో మనవాళ్ళు ఎండలో నిలబడి వేల పువ్వుల మీద చేశారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి మడులు మడులుగా పెంచి, నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు పారేశారు. కంచంలోకి వచ్చింది ఆ మిగిలిన ఒక్కటి. ఆ శాస్త్రవేత్తల పేర్లు మన పిల్లల పాఠాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పిన నేను కూడా ఒక్కసారీ చెప్పలేదు.

జాగ్రత్త ఒకటి చెప్పి ముందుకెళతాను. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోనే హోస్టాలకి వచ్చే ఒక వైరస్‌ని గుర్తించారు. హోస్టా వైరస్ ఎక్స్ అంటారు. సిరా బట్టకి ఒలికినట్టు ఈనెల వెంట రంగు పాకుతుంది. మందు లేదు. రోగం ఉన్న మొక్క రసం అంటిన కత్తితో ఇంకో మొక్కని కోస్తే దానికీ వస్తుంది. విచారమేమిటంటే, మొదట్లో ఆ మచ్చల్ని కొత్త అందమనుకుని కొందరు ఆ మొక్కలకి పేర్లు పెట్టి అమ్మారు. అందుకే పెద్దావిడ ఒక్కో మొక్కకీ కత్తి కడిగేది. వింతగా కనిపించిన ప్రతిదీ వరం కాదు. మన మిరపలో, బొప్పాయిలో ముడత తెగులు చూసిన రైతుకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

పదమూడు మొక్కలు మరుసటేడు నాలుగయ్యాయి, ఆ తరువాత ఒక్కటి. ఆ ఒక్కదాని ఆకు పూర్తి నీలం కాదు, బూడిద తిరిగిన పచ్చ. వేసవి మొదట్లో మైనం పూత ఉన్నప్పుడు నీలంగా కనిపిస్తుంది, ఆగస్టు ఎండకి ఆ పూత కరిగి పచ్చబడుతుంది. పువ్వు లేత ఊదా. మధ్యాహ్నం విచ్చుకుంటుంది, తల్లి పొద్దుటికీ తండ్రి సాయంత్రానికీ మధ్యన. వాసన ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది, అంతే.

హోస్టాలకి పేర్లు నమోదు చేసే పద్ధతి ఉంది. తల్లిదండ్రుల వివరం, ఆకు కొలతలు, ఫోటోలు పంపాలి. నమోదు చేద్దామా అని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ ఆ పువ్వు చాలాసేపు వాసన చూసింది. "బాగుంది. కానీ ఇది గమ్యం కాదు, ఇది తల్లి" అంది. అంటే దీన్ని మళ్ళీ ఒక మంచి నీలి హోస్టాతో కలపాలి, దాని పిల్లల్లో వెతకాలి. మొదటి తరంలో దాగిన గుణాలు రెండో తరంలో విడివిడిగా బయటికొస్తాయి. 2023లో ఆ కలయిక చేశాను. ఆ గింజల మొక్కలు ఇప్పుడు నేలలో ఉన్నాయి. పెద్దావిడ ఇప్పుడు లేదు. ఆవిడ పట్టకారు మా మనవరాలి దగ్గర ఉంది.

నాన్నగారి మాటకి ఇప్పుడు ఒక జవాబు దొరికింది నాకు. గింజ వేస్తే రకం రాదు, నిజమే. కానీ అన్ని రకాలూ ఒకప్పుడు గింజలోంచే వచ్చాయి. బంగినపల్లి, సువర్ణరేఖ, చిన్నరసం, ఇవన్నీ ఏనాడో ఎవరి తోటలోనో మొలిచిన ఒక్కొక్క గింజ మొక్క. ఎవరో దాని పండు తిని, ఇది వేరుగా ఉందని ఆగి, కొమ్మ కోసి అంటు కట్టారు. గింజ కొత్తదాన్ని ఇస్తుంది, అంటు దాన్ని నిలబెడుతుంది. మరో చిత్రం చూడండి. దిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో నీలం మామిడిని తల్లిగా, దశేరీని తండ్రిగా పెడితే మల్లిక వచ్చింది. దశేరీని తల్లిగా, నీలాన్ని తండ్రిగా పెడితే ఆమ్రపాలి వచ్చింది. అవే రెండు చెట్లు. రెండు పండ్లకీ పోలిక లేదు. తల్లీ తండ్రీ స్థానాలు మారినందుకే అని కాదు, ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లలూ ఒకేలా ఉండరు కదా, ప్రతి గింజా కొత్త కలగలుపు.

ఇక మీరు. హోస్టా మన దగ్గర బతకదన్నాను. అక్కర్లేదు. బెండ చాలు. మీ మిద్దె మీద ఒక కుండీలో పచ్చ బెండ, ఇంకో కుండీలో ఎర్ర బెండ వేయండి. నలభై, నలభై ఐదు రోజుల్లో పూస్తాయి. మరునాడు విచ్చుకునే మొగ్గ సాయంత్రానికే ఉబ్బి, పసుపు కొస బయటికి కనిపిస్తుంది. పచ్చ బెండ మొగ్గని గోటితో విప్పండి. మధ్య స్తంభం చుట్టూ అంటుకుని ఉన్న పుప్పొడి సంచుల్ని జాగ్రత్తగా గీకేయండి, పైనున్న ముదురురంగు కొసలకి దెబ్బ తగలకూడదు. చిన్న కాగితం సంచి తొడగండి. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య ఎర్ర బెండ పువ్వు కోసి ఆ కొసలకి పూయండి, మళ్ళీ సంచి తొడగండి. కాయని కూరకి కోయకుండా చెట్టు మీదే ఎండనివ్వండి, నెల రోజులు పడుతుంది. ఆ గింజలు వేస్తే మొదటి తరం. దాని గింజలు ఎక్కువగా వేస్తే రెండో తరం. అందులో రంగులు విడిపోయి కనిపిస్తాయి. హోస్టాకి నాకు ఏడేళ్ళు పట్టింది, బెండతో మీకు ఏడాది లోపు చాలు.

మొదలుపెట్టే ముందు మీకేం కావాలో ఒక కాగితం మీద రాసుకోండి. నార లేని కాయా, పొట్టి మొక్కా, ఎరుపు చెడని రంగా, ఏదైనా సరే, ఒక్కటే. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. కాయకి చీటీ కట్టండి. ముందు తల్లి పేరు, తరువాత తండ్రి పేరు, కింద తేదీ. పెన్సిలుతో రాయండి, వానకి సిరా నిలవదు.